ఇరవై అయిదు అడుగుల వేసవి

నేను తప్పు ఒప్పుకోగా మా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. జాకెట్టు బిగుతయిందని ఎవరైనా తిరిగి తెస్తే, "కుట్టు సరిగ్గానే ఉందమ్మా, నువ్వే ఒళ్ళు చేశావు" అని మొహం మీదే చెప్పి పంపే మనిషిని. జగ్గయ్యపేటలో ముప్పై ఏళ్ళుగా లేడీస్ టైలర్ని. ఆ మాత్రం నోరు లేకపోతే బజార్లో నిలబడగలనా? అలాంటి ఈ వలీబీ పోయిన వేసవిలో రెండు తప్పులు చేసింది. రెండూ నలుగురిలో ఒప్పుకోవలసి వచ్చింది.

మొదటిది రంజాను నెలలో చేశాను. పండగ కుట్లు నెత్తి మీద ఉన్నాయి. మా కోడలు ఫర్జానా ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నం షాపుకొచ్చి నాకు హుక్కులు కుట్టిపెట్టేది. పొద్దున చకచకా తిరిగే పిల్ల ఒంటిగంట అయ్యేసరికి గోడ పట్టుకుని నడిచేది. సూదిలో దారం ఎక్కించమంటే, "కళ్ళు మసకలేస్తన్నాయి అత్తమ్మా" అనేది. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ మామూలు మనిషే. నాకు ఒళ్ళు మండింది.

"రోజా ఉపవాసం మేమందరం ఉన్నాం. నీకొక్కదానికేనా మసకలు? పనుందనగానే వస్తాయి కదా! నాటకాలు నా దగ్గర కాదు" అన్నాను. నలుగురు కస్టమర్ల ముందే అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని హుక్కులు కుట్టుకుంది. వారం తిరక్కుండా బస్టాండు దగ్గర పడిపోయింది. విజయవాడలో తలకీ వెన్నుకీ స్కానింగులు తీయించి మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు. నరాల మీదుండే తొడుగు అక్కడక్కడా దెబ్బతింటుందట. ఒళ్ళు వేడెక్కితే మసకలూ తూలుడూ ఎక్కువవుతాయి, చల్లబడితే తగ్గుతాయి. మా అబ్బాయి ఖయ్యూమ్ సిమెంటు లారీ డ్రైవరు, వాడికి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. "వైరింగు సమస్యమ్మా. ఇంజను బానే ఉంది" అన్నాడు.

మందులు మొదలుపెట్టారు. నేనన్న నాటకాల మాట మాత్రం ఇంట్లో అలాగే ఉండిపోయింది. నేనూ ఎత్తలేదు, ఆ పిల్లా ఎత్తలేదు.

ఆస్పత్రిలో ఒక నర్సు ఇచ్చిన ఫోన్ నంబరు పట్టుకుని ఏప్రిల్ మొదటి ఆదివారం నందిగామ వెళ్ళాం. అక్కడ చర్చి వెనక ఒక రేకుల హాలు, దాని ముందు పొడుగాటి వరండా. ఆరాధన అయిపోయి జనం వెళ్ళాక ఆ జబ్బున్నవాళ్ళు కలుసుకుంటారట. అందరూ ఒకచోట కూర్చుని ఏడ్చుకోవడమేగా అని గొణుక్కుంటూనే వెళ్ళాను. తీరా చూస్తే లోపలి నుంచి నవ్వులు వినిపించాయి.

గ్రూపు పెట్టింది ప్రేమకుమారి గారు, రిటైరైన నర్సు. "మా చెల్లెలికి ఇదే జబ్బండి. పక్షవాతం అనుకుని తొమ్మిదేళ్ళు పసర్లు తాగించాం. ఇంకెవరికీ అట్టా జరక్కూడదని ఫోన్లో గ్రూపు పెట్టా. నందిగామ, మీ జగ్గయ్యపేట, మైలవరం కలిపి పదకొండు మందిమి తేలాం" అంది.

పక్కనే చేతికర్రతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. చిన్నబాబు, కంచికచర్ల దగ్గర మిర్చి రైతు. "నాకు మా ఊళ్ళో తాగుబోతని పేరక్కా, తూలుకుంటా నడుస్తా కదా. చుక్క ముట్టకుండా ఆ పేరు తెచ్చుకున్నోణ్ణి జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే!" అన్నాడు.

ఫర్జానా పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను. ఇక ప్రతి ఆదివారం ఇక్కడికి రావలసిందేనని అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

ఆ రోజే నరేంద్ర వచ్చాడు. విజయవాడలో ఫిజియోథెరపీ పెద్ద చదువు చదువుతున్నాడు. వాళ్ళ ప్రొఫెసరు మేడంతో కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాడు. బయటి దేశాల్లో ఈ జబ్బు వాళ్ళు వేసుకునే చలువ కోట్లు ఉంటాయట. అలాంటివి ఇక్కడే కుట్టించి, మన ఎండల్లో అవి ఎంతవరకు పనికొస్తాయో రాయాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, వరండా నీడలో, ఇరవై అయిదు అడుగుల దూరం నడవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. అంతే.

"ఇక్కడ టైలర్లు ఎవరన్నా ఉన్నారాండి?" అని అడిగాడు.

అందరూ నా మెడ వంక చూశారు. టేపు మెడలోనే ఉంది. బస్సెక్కేటప్పుడు కూడా తీయడం గుర్తుండదు నాకు.

"దూరం కొలిచి గీతలు గీయాలి. నా టేపు మర్చిపోయొచ్చా ఆంటీ..." అని నరేంద్ర బుర్ర గోక్కున్నాడు.

"బాగుంది సంబడం, టేపు మర్చిపోయి కొలతలకొచ్చావా? జరుగు" అన్నాను.

నా టేపు నిండా అయిదడుగులు. వరండా నేల మీద అయిదుసార్లు పరిచాను, ప్రతిసారీ సుద్దతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఈ చివరొక గీత, ఆ చివరొక గీత. ప్రేమకుమారి గారు వాటి మీద ఎర్ర పెయింటు వేయించింది. ముప్పై ఏళ్ళ చెయ్యి గీసిన గీత, ఎవరు మళ్ళీ కొలుస్తారు?

ఆ రోజు ఒంటిగంటకి ఫర్జానా ఆ గీత నుంచి ఈ గీతకి పదిన్నర సెకన్లలో వచ్చింది. మధ్యలో ఒకసారి గోడ పట్టుకుంది.

ఇక చూడండి నా హడావిడి! మొదటి కోటు రెండు రోజుల్లో కుట్టి పారేశాను. పాలిథిన్ కవర్లలో ఐసు ముక్కలు పోసి జేబుల్లో పెట్టాను. చిన్నబాబు వేసుకుని పది నిమిషాలు కూర్చున్నాడు. లేచేసరికి పంచె మొత్తం తడిసిపోయింది.

"చల్లగా బానే ఉందక్కా. కానీ ఇట్టా ఊళ్ళోకెళితే తాగుబోతుకి తోడు ఇంకో పేరు కూడా పెడతారు" అన్నాడు. హాలంతా నవ్వులు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తప్పు కవర్లదే అని వాదించాననుకోండి.

రెండోది మెరూన్ గుడ్డతో, జెల్ ప్యాకెట్లు పెట్టి కుట్టాను. ముందు నాలుగు జేబులు, వెనక నాలుగు, లోపల టవలు గుడ్డ. వేళ్ళు పట్టు తప్పేవాళ్ళకి గుండీలు ఎందుకని, ముందు వైపు అంటుకునే పట్టీలు పెట్టాను. బరువంతా భుజాల మీద పడుతుందంటే నడుం దగ్గర పట్టీ వేశాను. పేటలో మా షాపు పక్క ఐస్‌క్రీం కొట్టాయన తన ఫ్రీజర్లో ఒక అర మాకు ఖాళీ చేసిచ్చాడు. ఆదివారం పొద్దున్నే థర్మాకోల్ పెట్టెలో ప్యాకెట్లు సర్దుకుని బస్సెక్కేవాళ్ళం. కండక్టరు ముక్కు చిట్లించి, "చేపలా అమ్మా?" అనేవాడు. "కాదు నాయనా, చలికాలం" అనేదాన్ని.

సెకన్లు దిగడం మొదలయింది. ఫర్జానాకి తొమ్మిదీ పాయింటు ఆరు, తొమ్మిదీ ఒకటి, ఎనిమిదీ ఏడు. చిన్నబాబు పద్నాలుగు నుంచి పన్నెండుకొచ్చాడు. ఎవరికి అర సెకను తగ్గినా వరండాలో చప్పట్లు. ఆ మండుటెండలకి జనం తలుపులు వేసుకుని పడుకుంటుంటే, మేం పదకొండు మందిమీ మా ఇళ్ళవాళ్ళమూ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం. కోటు రోగం కుదర్చదని నరేంద్ర ప్రతిసారీ చెప్పేవాడు. కుదర్చకపోతే పోయింది, మధ్యాహ్నం పూట మనిషిని మనిషిలా నిలబెడుతోంది కదా!

మే నెల మధ్యలో ఒక ఆదివారం స్టాప్‌వాచీ నేను పడతానని అడిగి తీసుకున్నాను. ఫర్జానా ఇంకా గీత దాటకముందే నొక్కేసి, "ఆరున్నర!" అని కేకేశాను.

"ఆరున్నరకైతే నేను పరిగెత్తాలి అత్తమ్మా. వాచీ అటివ్వండి" అంది ఆ పిల్ల. అందరూ నవ్వారు. నరేంద్ర ఆ అంకె కొట్టేశాడు. ఆ తర్వాత వాచీ నా చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజే ఫర్జానా నరేంద్రని అడిగింది, ఎంతకొస్తే బాగున్నట్టు అని.

"ఎనిమిది లోపుంటే బయట పనులు ధైర్యంగా చేసుకోవచ్చంటారండి. అదేం హద్దు కాదు, ఊరికే ఒక అంచనా" అన్నాడు.

లెక్కల టీచరుకి ఊరికే అంచనా అని ఉంటుందా? పాసు మార్కు చేసుకుని కూర్చుంది. "మా క్లాసు మేడమీద. రోజంతా బోర్డు ముందు నిలబడాలి. ఈ నెలాఖరుకి ఎనిమిది లోపు రాకపోతే ఉద్యోగం మానేస్తా. పిల్లల ముందు పడిపోయే టీచర్ని కాలేను" అంది.

ఖయ్యూమ్ బతిమాలాడు, నేను అరిచాను. వింటేగా! నేనొకసారి టిఫిను డబ్బా ఇవ్వడానికి వాళ్ళ బడికెళ్ళి కిటికీలోంచి చూశాను. ఇంట్లో గట్టిగా నోరెత్తని పిల్ల, అక్కడ సుద్దముక్క పట్టుకుని యాభై మందిని ఊపిరి తీసుకోనివ్వకుండా నిలబెట్టింది. ఆ బోర్డు లేకపోతే మా ఫర్జానా ఫర్జానాలా ఉండదని నాకు తెలుసు.

మే చివరి ఆదివారం వచ్చింది. వడగాడ్పు వరండాలోకి కొడుతోంది. ఫర్జానా కోటు వేసుకుని, పెదాలు బిగించి నడిచింది. గోడ ముట్టుకోలేదు. అడుగు తడబడలేదు. నరేంద్ర వాచీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఎనిమిదీ రెండు" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల కోటు విప్పి, మడత పెట్టి నా చేతికిచ్చింది. ఇంటికొచ్చాక దళసరి కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాజీనామా రాసింది. బుధవారం స్కూలు కరస్పాండెంటు వస్తాడు, అప్పుడిస్తానంది.

సోమవారం షాపులో కూర్చున్నాను గానీ మనసు మనసులో లేదు. చిన్నబాబుకి రెండో కోటు కత్తిరిస్తున్నాను. భుజం పట్టీ పన్నెండంగుళాలు కావాలి. టేపు పరిచాను, పద్నాలుగు దగ్గర సుద్దగీత పెట్టాను. కుట్టుకు రెండంగుళాలు వదలాలి కదా. ఇది నేను ఆలోచించి చేసే పని కాదు. టేపు పరిస్తే చాలు, చెయ్యి దానంతటదే రెండంగుళాలు అవతలికి పోయి గీస్తుంది.

సుద్ద పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వరండాలో టేపు అయిదుసార్లు పరిచాను. అయిదుసార్లు సుద్దతో గుర్తు పెట్టాను. టేపు చివర పెట్టానా, రెండంగుళాలు అవతల పెట్టానా? కళ్ళు మూసుకుని నా చేతిని గుర్తు చేసుకున్నాను. అవతలే పెట్టాను! అల్లా సాక్షిగా, అయిదుసార్లూ అవతలే పెట్టాను!

"నేను తప్పు చేశాను!" అని షాపు అదిరేలా కేక పెట్టాను. జాకెట్టు కోసం వచ్చిన ఆవిడ బెదిరిపోయి మెట్లు దిగింది. నేను షట్టరు సగం దించి ఇంటికి పరిగెత్తాను.

"ఫర్జానా! ఆ గీతలు తప్పే! పది అంగుళాలు ఎక్కువుంది. నువ్వు నడవాల్సినదాని కంటే ఎక్కువ నడిచావే!"

ఆ పిల్ల కూరగాయలు తరుగుతూ తలెత్తింది. "ఆ రోజు ఆరున్నర. ఇయ్యాల పది అంగుళాలు. నామీద ప్రేమతో ఎన్ని అబద్ధాలాడతారు అత్తమ్మా?"

"ఒట్టే! కుట్టుకు వదిలానే!"

"నేల మీద కుట్టేంటండి?"

నాకు కోపం తన్నుకొచ్చింది. "ఇదిగో, ఇన్నేళ్ళలో నేను తప్పు ఒప్పుకోగా చూశావా నువ్వు? అబద్ధానికైనా ఒప్పుకునే మనిషినా నేను?"

తరిగే కత్తి ఆగింది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "అదీ నిజమే" అంది.

మంగళవారం మధ్యాహ్నం అందరూ నందిగామలో దిగారు. ప్రేమకుమారి గారు ఫోను మీద ఫోను కొట్టి పిలిచింది. చిన్నబాబు కారు మాట్లాడుకుని నలుగుర్ని ఎక్కించుకొచ్చాడు. నరేంద్ర విజయవాడ నుంచి స్టీలు టేపు తెచ్చాడు. ఆ చివర నరేంద్ర, ఈ చివర ప్రేమకుమారి గారు నేల మీద మోకాళ్ళేసి టేపు లాగారు. మిగిలినవాళ్ళందరూ మెడలు సాచి వంగారు.

"ఇరవై అయిదడుగులా... పది అంగుళాలు" అని చదివాడు నరేంద్ర.

ఒకటే గోల! చిన్నబాబు చేతికర్ర పైకెత్తి ఈల వేశాడు. నరేంద్ర మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "రెండు నెలల రీడింగులు ఆంటీ..." అంటూ మేడంకి ఫోన్ చేశాడు. అవతల ఆవిడ చాలాసేపు మాట్లాడింది. వీడు "సరే మేడం, సరే మేడం" అంటున్నాడు. ఫోను పెట్టేసి ఊపిరి పీల్చుకున్నాడు. "అందరూ అన్నిసార్లూ నడిచింది ఆ గీతల మధ్యనే కాబట్టి, కోటుతో ఎంత తగ్గిందన్నది చెడదంట. అసలు దూరం ఎంతో, తప్పు ఎట్టా జరిగిందో, ఎవరు కనిపెట్టారో దాచకుండా రాయమన్నారు. మీ పేరు కూడా రాయాలి."

"రాయి నాయనా, తప్పు నాదే. టేపు నాదే, చెయ్యి నాదే" అన్నాను. నోరు తెరిచాను కదా అని ఆగలేదు. నలుగురిలో అన్న మాటకి నలుగురిలోనే జవాబు చెప్పాలి. "ఇంకోటి కూడా ఉంది. రంజాను నెలలో షాపులో నేను ఈ పిల్లని నాటకాలన్నాను. మసకలేస్తన్నాయని నిజం చెబితే నాటకాలన్నాను. అదీ నా తప్పే."

ఫర్జానా నా వంక చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మూతి మీద మాత్రం నవ్వు.

"సరిగ్గా వినపడలా అత్తమ్మా. ఇంకోసారి చెప్పండి" అంది.

"ఒక్కసారే చెప్తా. వినకపోతే నీ ఖర్మ" అన్నాను, ముక్కు చీదుకుంటూ.

ప్రేమకుమారి గారు కాగితం మీద లెక్క కట్టబోయింది. "ఎనిమిదీ రెండంటే, పది అంగుళాలు తీసేస్తే..."

"నిన్ననే కట్టా లెండి. ఎనిమిది లోపే వస్తది. లెక్కలొద్దు, నడుస్తా. గీత సరిగ్గా గీయండి. వాచీ మాత్రం మా అత్తమ్మకివ్వకండి" అంది ఫర్జానా.

స్టీలు టేపుతో కొలిచి కొత్త గీత గీశారు. సుద్ద నాదే. టైము ఒంటిగంటా పది. నేను పెట్టెలో తెచ్చిన ప్యాకెట్లు సర్ది, కోటు తొడిగి పట్టీలు అంటించాను. పావుగంట అలా కూర్చుని లేచింది.

"నడవండి" అన్నాడు నరేంద్ర.

నడిచింది. నేను పాదాల వంక చూడలేకపోయాను, మొహమే చూశాను. బోర్డు ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉందో అలా ఉంది. గీత దాటింది. నరేంద్ర వాచీ చూసి, మళ్ళీ చూసి, పక్కనున్న ప్రేమకుమారి గారికి చూపించాడు.

"ఏడూ ఏడు!" అని ఆవిడ అరిచింది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో నాకు గుర్తు లేదు. చిన్నబాబు కర్ర ఎక్కడో పడేసి నా భుజం పట్టుకుని తూలుతూ గెంతుతున్నాడు. చర్చి వాచ్‌మన్ ఏమైందో అని పరిగెత్తుకొచ్చాడు. ఫర్జానా హ్యాండుబ్యాగులోంచి రాజీనామా కాగితం తీసి నాకిచ్చింది. "దళసరిగా ఉంది, కత్తిరింపులకి పనికొస్తదేమో చూడండి" అంది. చిన్నబాబు కోటుకి మెడ నమూనా దానితోనే కత్తిరించాను.

బడులు తెరిచాక వారానికి ఏడో తరగతి పిల్ల ఒకతి యూనిఫాం కొలతలకి షాపుకొచ్చింది. కొలుస్తుంటే నన్నే గుచ్చి గుచ్చి చూస్తోంది.

"ఏంటే అట్టా చూస్తన్నావు?"

"ఆ లెక్కలో వలీబీ మీరేనా అండి?"

"ఏ లెక్క?"

"మా ఫర్జానా టీచర్ బోర్డు మీద వేసింది. వలీబీ అనే టైలరు ఇరవై అయిదు అడుగులు కొలుస్తూ, అయిదడుగులకొకసారి రెండంగుళాలు ఎక్కువ వదిలింది. మొత్తం దూరమెంత అని. నాకు కరెక్టొచ్చింది."

పేట పేటంతా పిల్లల ఇళ్ళల్లో నా తప్పు పాకిపోయిందన్నమాట! ఇంటికి రానీ ఆ ఫర్జానాని, చెప్తాను. టేపు ఈ పిల్ల భుజం మీద పెట్టి, ఎటో చూస్తూ అడిగాను.

"మీ టీచరు ఆ లెక్క కూర్చుని చెప్పిందా, నిలబడి చెప్పిందా?"

"నిలబడేనండి. మధ్యాహ్నం రెండు పీరియడ్లూ నిలబడే చెప్పింది. మెరూన్ కోటు వేసుకుని."

నాకు కొలత మసకబారింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొలిచాను.